లారీ ముందున్న ఖాళీ



మన పెదకాకాని పెద్ద రోడ్డును ఆనుకొని ఉన్న ఊరు. చెన్నై నుండి కోల్‌కతా దాకా సాగే ఈ జాతీయ రహదారిని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ 'ఐదో నెంబరు రోడ్డు' అనే పిలుస్తారు. 2010లో దేశంలోని రహదారుల నెంబర్లన్నీ మార్చినప్పుడు ఇది 16వ నెంబరు అయింది. నెంబరు మారింది. రోడ్డు వెడల్పయింది. కార్లు పెరిగాయి. మనం రోడ్డు మీద నడుచుకొనే తీరు మాత్రం అంతగా మారలేదు.

సంక్రాంతి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డుకు సరుకు రావడం మొదలవుతుంది. యార్డు నుండి టిక్కీలు ఎత్తుకొని లారీలు రాత్రింబవళ్ళు బయలుదేరుతాయి. పత్తి బోరాలు పక్కలకు పొంగిన ట్రాలీలు కూడా ఇదే రోడ్డు ఎక్కుతాయి. వాటి వెనుక కారులో కూర్చున్న మనకు చిరాకు పుడుతుంది. హారన్ కొడతాం, లైట్లు వేసి ఆర్పుతాం, సందు దొరికితే దూరిపోతాం. ఏదైనా జరిగితే, "లారీవాళ్ళ వలనే ఇదంతా" అంటాం.

ఈ మాటలో కొంత నిజం ఉన్నది. అయితే లారీ డ్రైవరు వైపు మాట మనం ఎప్పుడైనా విన్నామా? ఈ పాఠంలో క్యాబిన్‌లో అతని పక్కన కూర్చొని రోడ్డును చూద్దాం.

వార్డులో విన్న మాట

ఎముకల వార్డులో కాలికి కట్టుతో పడుకొన్న ఒక లారీ డ్రైవరు చెప్పిన సంగతి ఇది. స్టీరింగ్ పట్టి ఇరవై ఏళ్ళు దాటిన మనిషి. తెల్లవారుజామున మిర్చి లోడుతో వస్తున్నాడు. ఒక కారు ఎడమ వైపు నుండి దూసుకొచ్చి లారీ ముందుకు కట్ కొట్టింది. అక్కడితో ఆగక, రోడ్డు పక్కన టీ కొట్టు కనబడగానే ఒక్కసారిగా బ్రేకు వేసింది. డ్రైవరు స్టీరింగ్ కుడికి కోశాడు. లారీ డివైడరు ఎక్కింది. కారుకు గీత కూడా పడలేదు. వాళ్ళు ఒక నిమిషం ఆగి చూసి వెళ్ళిపోయారు.

"మీరు బ్రేకు వేయలేదా అన్నా?" అని మా నర్సు అడిగింది.

"వేశానమ్మా. నేను బ్రేకు వేస్తే లారీ ఆగాలని చూస్తుంది గాని, నా వెనక ఉన్న టిక్కీలకు ఆ సంగతి తెలియదు కదా! అవి ముందుకే తోస్తాయి. నేను ముందు కొంత ఖాళీ వదిలి నడుపుతా. కారు బాబులు ఆ ఖాళీ చూసి, 'ఇదిగో మనకు చోటు' అని దూరిపోతారు. అది వాళ్ళకు వదిలిన చోటు కాదమ్మా. అది నా బ్రేకు."

ఈ పాఠంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఈ మాటనే గుర్తుంచుకోండి. లారీ ముందున్న ఖాళీ, ఆ లారీ బ్రేకులో ఒక భాగం. మనం అందులో దూరినప్పుడు లారీ బ్రేకును సగం తీసేసినట్లే. ఆ తరువాత ఆ బ్రేకు లేని లారీ ముందే మనం, మన పిల్లలు ప్రయాణం చేస్తాం.

1. లారీ వెంటనే ఎందుకు ఆగదు?

ఎదుట అపాయం కనబడగానే ఏ బండీ అక్కడికక్కడే ఆగదు. మూడు పనులు ఒకదాని తరువాత ఒకటి జరగాలి.

మొదటిది, కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీదికి వెళ్ళాలి. మెలకువగా ఉన్న మనిషికి కూడా దీనికి సుమారు ఒక సెకను పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులో బండి 22 మీటర్లు వెళ్ళిపోతుంది.

రెండవది, బ్రేకు పట్టుకోవాలి. కారులో బ్రేకు ఆయిల్‌తో పని చేస్తుంది గనుక వెంటనే పట్టుకొంటుంది. పెద్ద లారీలో బ్రేకు గాలితో పని చేస్తుంది. గాలి గొట్టాల గుండా వెనుక చక్రాల దాకా చేరి బ్రేకు పట్టడానికి మరో అర సెకను దాకా పడుతుంది. అంటే మరో 11 మీటర్లు.

మూడవది, బరువు ఆగాలి. పది చక్రాల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండవచ్చునని 2018లో ప్రభుత్వం నిర్ణయించింది. మన చిన్న కారు ఒక టన్ను. అంటే వెనుక వచ్చేది ఇరవై ఎనిమిది కార్ల బరువు.

ఈ మూడూ కలిపి లెక్క వేస్తే, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, 80 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి సుమారు 60 మీటర్లు పడితే, లోడు లారీకి సుమారు 90 మీటర్లు పడుతుంది. కబడ్డీ కోర్టులు ఏడింటిని నిలువుగా వరుసలో పేర్చినంత దూరం అన్నమాట. వాన కురిసినా, టైర్లు అరిగినా, పర్మిట్‌కు మించి లోడు వేసినా ఇంకా ఎక్కువ. మీరు లారీ ముందు పది మీటర్లలో దూరి బ్రేకు వేస్తే, ఎంత మంచి డ్రైవరయినా చేయగలిగింది ఏమీ లేదు.

2. మీరు డ్రైవరుకు కనబడుతున్నారా?

"అంత ఎత్తున కూర్చున్నాడు, అతనికి అంతా కనబడుతుంది" అని మనం అనుకొంటాం. దూరం బాగా కనబడుతుంది. దగ్గరే కనబడదు.

క్యాబిన్‌కు ఆనుకొని ముందు భాగంలో ఒక మోటారు సైకిలు గాని, ఒక చిన్న పిల్లవాడు గాని నిలబడితే డ్రైవరు కళ్ళకు అందరు. ఎడమ తలుపు పక్కన నడిచే కారు పూర్తిగా మాయమవుతుంది. మన దేశంలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు గనుక ఎడమ పక్కే అతనికి పెద్ద చీకటి. వెనుక అంటుకొని వచ్చే కారు అద్దంలో పడనే పడదు. సరుకు మీద కప్పిన టార్పాలిన్ మాత్రమే కనబడుతుంది.

దీనికి ఒక తేలిక గుర్తు ఉన్నది. లారీ పక్క అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడుతుందా? కనబడితే మీరూ అతనికి కనబడే అవకాశం ఉన్నది. కనబడకపోతే, అతని దృష్టిలో మీరు ఆ రోడ్డు మీద లేరు.

అందుకే ఎడమ నుండి ఓవర్‌టేక్ చేయడం ఎక్కువ అపాయం. అదే సమయంలో ముందు ఆగిన ఆటోను గాని, గేదెను గాని తప్పించడానికి డ్రైవరు ఎడమకు తిప్పితే, మీరు లారీకి, రోడ్డు అంచుకు మధ్య నలిగిపోతారు.

రాత్రి పూట మరొక సంగతి. ఎదురుగా గాని, అద్దంలోకి గాని హై బీమ్ లైటు పడితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. చూపు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మూడు సెకన్లే అనుకొందాం. 80 కిలోమీటర్ల వేగంలో అది 66 మీటర్ల గుడ్డి ప్రయాణం. సైడ్ కోసం మనం కొట్టే లైటు, మన పక్కనే నడుస్తున్న బరువైన బండికి కళ్ళు లేకుండా చేస్తుంది.

3. తొందర వలన మిగిలేది ఎంత?

గుంటూరు నుండి విజయవాడకు సుమారు 35 కిలోమీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే 26 నిమిషాలు పడుతుంది. 100 వేగంతో వెళితే 21 నిమిషాలు. మిగిలేది ఐదు నిమిషాలు. అది కూడా రోడ్డంతా ఖాళీగా ఉంటేనే. నిజానికి కాజ టోల్ గేటు దగ్గర వరుసలో నిలబడినప్పుడు, వెనుక వదిలేసి వచ్చామనుకొన్న లారీయే మళ్ళీ మన పక్కకు వచ్చి ఆగుతుంది.

ఇటువైపు లెక్క కూడా చూడండి. 60 కిలోమీటర్ల వేగంలో వెళ్ళే మనిషి గట్టి వస్తువును ఢీకొంటే, ఆ దెబ్బ సుమారు 14 మీటర్ల ఎత్తు నుండి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుండి పడినంత. వేగం 100 అయితే అది సుమారు 39 మీటర్లు, అంటే పదమూడు అంతస్తులు. వేగం కొంచెం పెరిగితే దెబ్బ చాలా పెరుగుతుంది. రెట్టింపు వేగానికి దెబ్బ నాలుగు రెట్లు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాలలో 70 శాతానికి పైగా అతివేగం కారణంగా జరిగినవే. ఇవి అంకెలు కావు. ఒక్కొక్కటీ ఒక ఇంట్లో ఖాళీ అయిన పీట.

4. మన కళ్ళముందు జరిగినవి

పెద్దవారిని కూడా రోడ్డు గౌరవించదు. మనకు తెలిసినవారినే గుర్తు చేసుకొందాం. ఇందులో ఎవరినీ తప్పు పట్టడం మన ఉద్దేశం కాదు.

2012 నవంబరు 2న అర్ధరాత్రి దాటాక, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు గారి కారు ఒక ట్యాంకరును ఢీకొంది. ఆయన మరణించారు. అది కూడా మన ఊరి పక్కగా పోయే ఈ చెన్నై – కోల్‌కతా రోడ్డే. రాత్రి పూట, బరువైన బండి, వేగంగా వచ్చే కారు – ఈ మూడూ కలిసిన చోట ఎంత జాగ్రత్త అవసరమో ఈ సంఘటన చెబుతుంది.

2013 ఆగస్టు 15న మన గుంటూరు మాజీ ఎంపీ లాల్‌జాన్ బాషా గారు నార్కట్‌పల్లి దగ్గర కారు ప్రమాదంలో కన్నుమూశారు. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారి కారు నల్గొండ జిల్లాలో డివైడరును ఢీకొని పల్టీలు కొట్టింది. ఆయన కారులో నుండి బయటకు పడిపోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పత్రికలు వ్రాశాయి.

2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్ళగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి గారి కారు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పలను తప్పించబోయి బోల్తా పడింది. మరునాడు ఆమె మరణించారు. రైతు సోదరులు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మిరపకాయలు గాని, మొక్కజొన్న గాని రోడ్డు మార్జిన్‌లో ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి, రాత్రికి అలాగే వదిలేయడం ఒకరి ప్రాణానికి ముప్పు. పంట మనకు ఎంత విలువైనదో, ఆ దారిన వచ్చే మనిషి వాళ్ళ ఇంటికి అంతకన్నా విలువైనవాడు.

5. మరి లారీ డ్రైవర్ల తప్పు లేదా?

ఉన్నది. ఆ మాట డ్రైవర్లే ఒప్పుకొంటారు.

లారీలు కుడి వరుస పట్టుకొని కదలవని కారు వాళ్ళ ఫిర్యాదు. "ఎడమ వరుసలో ఎక్కడ చూసినా ఆగిన బండ్లు, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోలు, పశువులు. లోడు బండిని ఎన్నిసార్లు ఆపి ఎన్నిసార్లు లేపగలం?" అని డ్రైవర్ల సమాధానం. ఇది కారణమే గాని, సాకు కాకూడదు. నెమ్మదిగా వెళ్ళే బండి ఎడమ వరుసలోనే ఉండాలి. దారి ఇవ్వని లారీ వెనుక ఉన్నవాణ్ణి ఎడమ వైపుకు నెట్టినట్లే అవుతుంది.

చెడిపోయిన లారీని రోడ్డు మీదే నిలిపి, వెనుక ఒక చెట్టు కొమ్మ పడేసి వెళ్ళిపోవడం ఇంకా పెద్ద తప్పు. చీకట్లో ఆ కొమ్మ ఎవరికి కనబడుతుంది? వెనుక లైట్లు వెలగని ట్రాక్టరు ట్రాలీల సంగతి కూడా ఇంతే. ఎర్ర రేడియం స్టిక్కరు ఖరీదు ఎంతో కాదు. అది అంటించని ట్రాలీ, చీకట్లో రోడ్డుకు అడ్డంగా కట్టిన గోడ లాంటిది.

6. స్టీరింగ్ పట్టేవారి ఆరోగ్యం

ఇది లారీ డ్రైవర్లకూ, కారు నడిపేవారికీ కలిపి చెప్పవలసిన మాట.

నిద్ర: తెల్లవారుజామున రెండు గంటల నుండి ఐదు గంటల వరకు శరీరం నిద్రనే కోరుతుంది. నాలుగు సెకన్ల కునుకు పడితే 80 వేగంలో బండి 88 మీటర్లు డ్రైవరు లేకుండా పోయినట్లే. టీ, సిగరెట్టు, కిళ్ళీ నిద్రను కాసేపు వాయిదా వేస్తాయి గాని తీర్చవు. బండిని రోడ్డుకు దూరంగా ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే మందు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి అని చెబుతూ వచ్చింది. లారీ యజమానులు కిరాయి మాట్లాడేటప్పుడే ఈ విశ్రాంతిని కూడా లెక్కలో వేయాలి. గట్టిగా గురక పెట్టి పగలు కూడా జోగేవారు డాక్టరుకు చూపించుకోవాలి. అది కూడా ఒక జబ్బే.

కళ్ళు: నలభై దాటిన ప్రతి డ్రైవరు ఏడాదికి ఒకసారి కళ్ళు పరీక్ష చేయించుకోవాలి. రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనబడడం, ఎదుటి వెలుగు భరించలేకపోవడం శుక్లం మొదలైన దానికి గుర్తు కావచ్చు. మన పెదకాకానిలోనే కంటి ఆసుపత్రి ఉండగా వాయిదా వేయడం దేనికి?

షుగరు, బి.పి.: షుగరు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకొనేవారు భోజనం మానేసి బండి నడపకూడదు. చెమట పట్టడం, చేతులు వణకడం, కళ్ళు తిరగడం జరిగితే వెంటనే బండిని పక్కకు ఆపి, చక్కెర గాని బెల్లం గాని తీసుకోవాలి. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. బండి నడుపుతామని డాక్టరుకు ముందే చెప్పండి.

కోపం: చిరాకు వచ్చినప్పుడు గుండె వేగంగా కొట్టుకొంటుంది, బి.పి. పెరుగుతుంది, మన చూపు ముందున్న ఒక్క బండి మీదే నిలిచిపోతుంది. పక్క నుండి వచ్చే సైకిలు కనబడదు. కోపంతో నడిపేవాడు సగం కళ్ళు మూసుకొని నడిపేవాడే. మద్యం సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఒక్క గ్లాసు కూడా వద్దు.

7. కారు నడిపేవారు పాటించవలసినవి

– లారీ వెనుక కనీసం మూడు సెకన్ల దూరం ఉంచండి. లారీ ఒక స్తంభాన్ని దాటగానే మనసులో లెక్క పెట్టండి. మీరు ఆ స్తంభాన్ని మూడు సెకన్లలోపే చేరితే చాలా దగ్గరగా ఉన్నారన్నమాట. వానలో ఇంకా దూరం ఉంచండి.

– ఓవర్‌టేక్ కుడి నుండే చేయండి. లారీ పక్కన నిదానించకండి, తొందరగా దాటిపోండి. అద్దంలో లారీ ముందు భాగం మొత్తం కనబడిన తరువాతే ఎడమకు రండి.

– లారీ ముందుకు వచ్చిన తరువాత వెంటనే బ్రేకు వేయకండి. టిఫినుకు ఆగాలంటే ముందుగానే లారీ వెనుక ఉండిపోండి.

– ముందు సీటులోనే గాక వెనుక సీటులో కూడా బెల్టు పెట్టుకోండి. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించింది వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణం చేస్తూనే.

– పిల్లలను ముందు సీటులో ఒడిలో కూర్చోబెట్టుకోకండి.

– అరగంట ముందు ఇంట్లో నుండి బయలుదేరండి. తొందర రోడ్డు మీద పుట్టదు, ఇంట్లోనే పుడుతుంది.

8. ప్రమాదం జరిగితే

వెంటనే 108కు ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ అంబులెన్సు సేవ ఉచితం. జాతీయ రహదారి మీద అయితే 1033 నెంబరు కూడా ఉన్నది. దెబ్బ తగిలిన తరువాత మొదటి గంటలో వైద్యం అందితే బ్రతికే అవకాశం చాలా ఎక్కువ.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మంట అంటుకొనే అపాయం లేకపోతే గాయపడినవారిని లాగకండి. మెడ కదపకండి. స్పృహ లేనివారికి నీళ్ళు తాగించకండి.

"పోలీసు కేసు అవుతుందేమో" అన్న భయం వద్దు. సహాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే వారికి రక్షణ కల్పించారు. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం, ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం పొందే వీలు ఉన్నది.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. ఈ వారంలో ఎన్నిసార్లు లారీ ముందున్న ఖాళీలో దూరాను?
2. నా కారు వెనుక సీటులో బెల్టులు పని చేస్తున్నాయా, కవరు కిందికి తోసేశానా?
3. నా కళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించుకొన్నాను?
4. నా ట్రాలీకి వెనుక రేడియం స్టిక్కరు ఉన్నదా?

వార్డులో ఉన్న ఆ డ్రైవరు నాలుగు నెలలు స్టీరింగ్ పట్టలేకపోయాడు. ఆ నాలుగు నెలలు అతని భార్య మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళి ఇల్లు నడిపింది. ఆ కారులో ఉన్నవారికి ఈ సంగతి తెలియదు. వారు తమ టీ తాగి, తమ దారిన వెళ్ళిపోయారు. వారు చెడ్డవారు కాకపోవచ్చు. ఆ ఖాళీ ఏమిటో వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంటికి వెళ్ళేటప్పుడు అతణ్ణి మా నర్సు అడిగింది: "మళ్ళీ అలా ఎవరైనా అడ్డం వస్తే ఏం చేస్తావు అన్నా?" అతను నవ్వి, "ఏం చేస్తానమ్మా, మళ్ళీ స్టీరింగ్ కోస్తా. లోపల పిల్లలు ఉన్నారేమో కదా" అన్నాడు.

ఈసారి మీ ముందు ఒక లారీ నెమ్మదిగా పోతుంటే ఈ మాట గుర్తు చేసుకోండి. ఇప్పుడు మీకు తెలుసు. దాని ముందున్న ఖాళీని ఖాళీగానే ఉండనివ్వండి.